ఈఎన్8, సి45, 1045 అన్నీ ఒకటేనా? మెటల్ పేర్ల గోల కాస్త విడమర్చి చెప్పండి

కొత్తడిజైనర్:

అందరికీ నమస్తే అండి. మెకానికల్ అయ్యాక డిజైన్‌లో చేరి ఎనిమిది నెలలైంది. కాలేజీలో ఐరన్ కార్బన్ డయాగ్రం కళ్ళు మూసుకుని గీసేవాణ్ణి, ఇక్కడికొచ్చాక డ్రాయింగ్ కింద మూలన మెటీరియల్ అని చిన్న గడి ఉంటుంది కదా, దాంట్లో ఏం రాయాలో తెలీక రోజూ పక్కోళ్ళ డ్రాయింగ్ చూసి కాపీ కొడుతున్నా.

మొదటి గోల ఏంటంటే, ఒకే షాఫ్ట్‌కి మా పాత డ్రాయింగ్‌లో ఈఎన్8 అని ఉంది, కస్టమర్ పంపిన దాంట్లో సి45 అని ఉంది, రాడ్‌తో పాటు వచ్చిన సర్టిఫికెట్‌లో 1045 అని ఉంది. సీనియర్‌ని అడిగితే "అన్నీ ఒకటేరా, కానివ్వు" అన్నారు. నిజంగా ఒకటేనా? ఒకటే అయితే మూడు పేర్లెందుకు పెట్టుకున్నారు?

రెండోది నా నెత్తి మీదకొచ్చింది. ఒక బ్రాకెట్‌కి అల్యూమినియం 6061 అని రాశా. పార్టులు తయారై వచ్చాయి. అసెంబ్లీలో ఎం6 బోల్ట్ బిగిస్తుంటే థ్రెడ్ మొత్తం బోల్ట్‌కి చుట్టుకుని స్ప్రింగ్ లాగా బయటికొచ్చేసింది, ఇంకో బ్రాకెట్ చేత్తో గట్టిగా నొక్కితే వంగింది. సప్లయర్‌ని అడిగితే సర్టిఫికెట్ చూపించాడు, కాంపోజిషన్ అంతా పక్కా 6061. "నువ్వు రాసిందే కదా వాళ్ళిచ్చింది" అని మా బాస్ అందరి ముందూ అనేశారు. రాసిన దాంట్లో తప్పేంటో నాకు ఇప్పటికీ తెలీదు.

మూడోది చిన్నదే. 304 స్టెయిన్‌లెస్ స్టీల్ షీట్‌ని బెండ్ చేసిన మూల దగ్గర అయస్కాంతం అంటుకుంటోంది, ఫ్లాట్‌గా ఉన్న చోట అంటుకోవట్లేదు. ఇన్‌స్పెక్షన్‌లో ఆయన ఇది డూప్లికేట్ అని లాట్ మొత్తం పక్కన పెట్టేశాడు.

ఇవన్నీ ఒక్క చార్ట్‌లో ఎక్కడైనా ఉంటే చెప్పండి, గోడకి అంటించుకుంటా.

బోరింగ్‌బార్:

చార్ట్ అంటించుకోవద్దు తమ్ముడూ, ముందు పేర్లు ఎలా పెడతారో పట్టుకో, చార్ట్‌తో పనుండదు. మెటల్ పేరులో ఉండే నంబర్ మూడు రకాల్లో ఏదో ఒకటి చెప్తుంది, లోపల ఏం కలిపారో చెప్తుంది, లేదా ఎంత బలం తట్టుకుంటుందో చెప్తుంది, లేదా ఏమీ చెప్పదు, ఊరికే వరస నంబర్. నీ తలనొప్పంతా ఈ మూడూ కలగాపులగం అవ్వడం వల్లే.

1045 మొదటి రకం. అమెరికా వాళ్ళ పద్ధతి, మొదటి రెండు అంకెలు కుటుంబం, చివరి రెండు అంకెలు కార్బన్, వందో వంతు శాతంలో. 10 అంటే సాదా కార్బన్ స్టీల్, 45 అంటే సుమారు 0.45% కార్బన్. అదే లెక్కన 1018 అంటే 0.18%, మన మైల్డ్ స్టీల్ బాపతు. 41 తో మొదలైతే క్రోమియం, మాలిబ్డినం కలిపింది, కాబట్టి 4140 అంటే ఆ కుటుంబంలో 0.40% కార్బన్ ఉన్నది. 43 అయితే నికెల్ కూడా పడింది. బేరింగులు చేసే 52100 కి ఐదంకెలు ఎందుకంటే కార్బన్ 1% కి చేరిపోయింది, చివర రెండంకెలు చాలవు. ఇంతే, ఇది వస్తే సగం సర్టిఫికెట్లు చదివేస్తావ్.

సి45 కూడా అదే రకం, యూరప్ వాళ్ళది, సి పక్కన కార్బన్. 42 సిఆర్ ఎంఓ 4 అని చూసుంటావ్, 0.42% కార్బన్, తర్వాత క్రోమియం, మాలిబ్డినం, ఆ చివరి 4 ఉంది చూడు అక్కడ అందరూ బోల్తా పడతారు, 4% క్రోమియం అనుకుంటారు. కాదు, క్రోమియం, నికెల్, మాంగనీస్, సిలికాన్ లాంటి వాటికి అంకెని నాలుగుతో భాగించాలి, అంటే 1%. మాలిబ్డినం, వెనేడియం, టైటానియం లాంటి వాటికి పదితో. మళ్ళీ పేరు ముందు ఎక్స్ ఉంటే భాగించక్కర్లేదు, ఎక్స్5 సిఆర్ ఎన్ఐ 18-10 అంటే నిజంగానే 18% క్రోమియం 10% నికెల్, అదే మన 304. ఎందుకిలా పెట్టారంటే దశాంశాలు రాకుండా పూర్ణాంకాలు రావాలని. బానే ఉంది గానీ నేర్చుకునేవాడి ప్రాణం తీస్తుంది.

రెండో రకం స్ట్రెంగ్త్ పేర్లు. బిల్డింగులు, బ్రిడ్జిలు కట్టే స్టీల్‌కి ఇవే. ఎస్355 అంటే యీల్డ్ (శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే బలం) కనీసం 355 మెగాపాస్కల్స్ (16 ఎంఎం మందం దాకా, ఇంకా మందం పెరిగితే గ్యారంటీ కొంచెం తగ్గుతుంది). మన దేశపు స్టాండర్డ్ ఐఎస్ లో ఈ250 అన్నా యీల్డే. కాంక్రీట్‌లో వేసే ఫె 500 కూడా యీల్డే. కానీ జపాన్ వాళ్ళ ఎస్ఎస్400 మాత్రం యీల్డ్ కాదు, టెన్సైల్ (తెగే ముందు తట్టుకునే గరిష్ఠ బలం) 400. పైగా ఎస్ఎస్ అంటే స్టెయిన్‌లెస్ కాదు బాబూ! మా దగ్గర ఒకాయన ఎస్ఎస్400 అని చూసి స్టెయిన్‌లెస్ అనుకుని ట్యాంక్ స్టాండ్ డిజైన్‌లో పెట్టాడు, పెయింట్ కూడా వద్దన్నాడు. నెలకి ఎర్రగా తుప్పు. అది మామూలు స్ట్రక్చరల్ స్టీల్.

బోల్ట్ తల మీద 8.8 కూడా ఈ కోవే. మొదటి 8 ని వందతో గుణిస్తే 800 టెన్సైల్, చుక్క తర్వాత 8 అంటే అందులో 80%, అంటే యీల్డ్ 640. 10.9, 12.9 కి నువ్వే లెక్కేసుకో.

మూడో రకం ఈఎన్8. ఎనిమిది అంటే ఏమీ లేదు. వరసలో ఎనిమిదోది, అంతే.

చిన్నసందేహం:

ఈఎన్ అంటే యూరోపియన్ నార్మ్ కదా అన్నా, మరి అది కూడా యూరప్ దే అవ్వాలి కదా?

బోరింగ్‌బార్:

అక్కడే తప్పులో కాలేస్తున్నారు అందరూ. ఈఎన్8 లో ఈఎన్ బ్రిటన్ వాళ్ళది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో వందల రకాల స్టీళ్ళు ఉంటే ఆయుధాల తయారీకి ఇబ్బందని 1941 లో కుదించి చిన్న లిస్ట్ చేశారు, బీఎస్ 970 అని. ఈఎన్ అంటే ఎమర్జెన్సీ నంబర్ అని చెప్తారు. యూరోపియన్ నార్మ్ అనేది చాలా తర్వాత వచ్చింది, సి45 ఉండేది ఈఎన్ 10083 లో. అక్కడ ఈఎన్ తర్వాత ఉన్నది స్టాండర్డ్ నంబర్, ఇక్కడ ఈఎన్ తర్వాత ఉన్నది స్టీల్ నంబర్. రెండక్షరాలు కలిశాయంతే.

యుద్ధం అయిపోయింది, 70ల్లో బ్రిటన్ వాళ్ళే ఆ పేర్లు తీసేసి ఈఎన్8 ని 080ఎం40 చేశారు (080 అంటే 0.80% మాంగనీస్, 40 అంటే 0.40% కార్బన్, మధ్యలో ఎం అంటే మెకానికల్ ప్రాపర్టీస్ చూసి ఇచ్చేది అని). ఎంత చక్కటి పేరు, చదివితే లోపలేముందో తెలుస్తుంది. ఎవడైనా వాడాడా? లేదు. ఈ రోజుకీ షాప్ ఫ్లోర్‌లో ఈఎన్8, ఈఎన్24, ఈఎన్31. ఎనభై ఏళ్ళ కింద పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, మూడూ ఒకటేనా. కాదు, అన్నదమ్ములు. ఈఎన్8 కార్బన్ 0.36 నుంచి 0.44 దాకా, సి45 ది 0.42 నుంచి 0.50, 1045 ది 0.43 నుంచి 0.50. అంటే సి45, 1045 దాదాపు కవలలు, ఈఎన్8 ఒక మెట్టు కింద, నిజానికి దానికి దగ్గర చుట్టం 1040. మామూలు పిన్నులకీ, స్పేసర్లకీ, లోడ్ పెద్దగా లేని షాఫ్ట్‌కీ మీ సీనియర్ మాట తప్పు కాదు, ఏదేసినా నడుస్తుంది. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైభాగాన్ని వేడి చేసి గట్టిపరచడం) చేసి పైన ఇంత హార్డ్‌నెస్ రావాలి అని రాస్తే మాత్రం తేడా బయటపడుద్ది. 0.36 కార్బన్ ఉన్న రాడ్ వచ్చిందనుకో, సి45 కి వచ్చే హార్డ్‌నెస్ దానికి రాదు, అప్పుడు హీట్ ట్రీట్‌మెంట్ వాణ్ణి తిడతారు, వాడి తప్పేం ఉండదు.

ఇంకోటి, దేన్నైనా వెల్డ్ చేస్తారా? ఈఎన్8 ని మైల్డ్ స్టీల్ అనుకుని చల్లగా ఉండగానే వెల్డ్ కొట్టేస్తే పక్కన సన్నగా క్రాక్ వస్తుంది, కొన్నిసార్లు మర్నాడు వస్తుంది. కార్బన్‌కి మాంగనీస్‌లో ఆరో వంతు కలుపు, 0.40 కి 0.80 లో ఆరో వంతు అంటే 0.53 అయింది. 0.45 దాటితే ప్రీహీట్ (ముందే వేడి చెయ్యడం) లేకుండా ముట్టుకోకూడదు.

ఫర్నేస్‌పక్కన:

నా గురించే అన్నట్టున్నారు పైన 😄 పదిహేనేళ్ళుగా హీట్ ట్రీట్‌మెంట్‌లోనే ఉన్నా, రోజుకి ఒక్కరైనా "మెటీరియల్ ఈఎన్24, హార్డ్ చెయ్యండి" అని చీటీ రాసి పంపుతారు. ఎంత హార్డ్ అయ్యా? అన్నం వండమన్నట్టుంది, ఎంతమందికో చెప్పకుండా.

కొత్తడిజైనర్ గారూ మీ బ్రాకెట్ సంగతి నేను చెప్తా. మీరు రాసిన 6061 తప్పు కాదు, సగమే రాశారు. 6061 అనేది వంటలో పడ్డ సరుకులు మాత్రమే, మెగ్నీషియం, సిలికాన్, కొంచెం రాగి, కొంచెం క్రోమియం. వండారా లేదా అన్నది దాని పక్కన గీత పెట్టి రాస్తారు, టెంపర్ అంటారు. టి6 అంటే 530 డిగ్రీల దగ్గర నానబెట్టి నీళ్ళలో ముంచి, మళ్ళీ 160 నుంచి 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచింది. ఓ అంటే అనీల్ చేసి పూర్తిగా మెత్తబరిచింది. 6061-టి6 యీల్డ్ దాదాపు 275 మెగాపాస్కల్స్, అదే 6061-ఓ యీల్డ్ 55. ఐదో వంతు! కాంపోజిషన్ రిపోర్ట్ రెండిటికీ అక్షరం తేడా లేకుండా ఒకటే వస్తుంది. అందుకే మీ సప్లయర్ సర్టిఫికెట్ కరెక్టే, మీ బ్రాకెట్ వంగిందీ కరెక్టే.

మెత్తదా గట్టిదా అని మెషిన్ మీద వాణ్ణి అడిగినా చెప్పేవాడు. టి6 అయితే చిప్ పుటుక్కుమని తెగి ఎగిరిపోతుంది, ఫేస్ మెరుస్తుంది. ఓ అయితే బబుల్ గమ్ లాగా టూల్ మూతికి అతుక్కుంటుంది, ట్యాప్ తిరిగి వచ్చేటప్పుడు థ్రెడ్‌ని పీక్కుంటూ వస్తుంది. మీ పార్టులు మెషిన్ చేసినోడు ఖచ్చితంగా తిట్టుకునే ఉంటాడు, ఎవరికీ చెప్పి ఉండడు.

అల్యూమినియం పేర్లు మాత్రం నాకు ముద్దొస్తాయి, మొదటి అంకె చూస్తే చాలు. 1 తో మొదలైతే దాదాపు స్వచ్ఛమైనది, 1050 అంటే 99.50%. 2 రాగి, 3 మాంగనీస్, 4 సిలికాన్, 5 మెగ్నీషియం, 6 మెగ్నీషియం సిలికాన్ రెండూ, 7 జింక్. ఇందులో 2, 6, 7 వేడితో గట్టిపడతాయి, అందుకే వాటికి టి అని వస్తుంది. 1, 3, 5 వేడికి గట్టిపడవు, చల్లగా రోల్ చేసి లాగితేనే గట్టిపడతాయి, వాటికి హెచ్ అని వస్తుంది, 5052-హెచ్32 లాగా. ఎవరైనా 5052-టి6 అని డ్రాయింగ్‌లో రాశారంటే ఆయన కాపీ కొట్టాడని అర్థం.

వేడితో అల్యూమినియం గట్టిపడుతుందని కనిపెట్టింది కూడా ఒకరకంగా పొరపాటున. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అని, 1906 లో రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియంని స్టీల్ లాగే క్వెంచ్ చేస్తే (వేడి మీద ముంచి చల్లారిస్తే) గట్టిపడుద్దేమో అని చూశాడు. పడలేదు. వారాంతం అయ్యాక మిగిలిన శాంపిల్స్ కొలిస్తే బాగా గట్టిపడి ఉన్నాయని చెప్తారు. గది వేడిలోనే రాగి అణువులు లోపల గుంపులు కట్టాయన్నమాట. అదే డ్యూరాలుమిన్, తొలితరం లోహపు విమానాల్లో చాలా దాంతోనే ఎగిరాయి.

అన్నట్టు టి6 వేసి దాన్ని వెల్డ్ చేస్తారేమో, చెయ్యకండి, లేదా చేస్తే లెక్క మార్చుకోండి. వెల్డ్ పక్కన వేడి తగిలిన చోట టి6 పోతుంది, స్ట్రెంగ్త్ సగం దాకా పడిపోతుంది. డ్రాయింగ్‌లో మాత్రం టి6 అనే ఉంటుంది.

స్టీల్‌కీ ఇదే కథ. ఈఎన్24 అని ఊరికే రాయకండి, ఈఎన్24టి అని రాస్తే 850 నుంచి 1000 మెగాపాస్కల్స్ టెన్సైల్ ఉన్న కండిషన్‌లో వస్తుంది. టి కాకుండా యు, వి, డబ్ల్యు అని పైకి వెళ్ళే కొద్దీ గట్టిది, మెషినింగ్ కష్టం. ఇక్కడ టి కీ అల్యూమినియం టి కీ సంబంధం లేదు మళ్ళీ.

ఇంకొక్క మాట, ఇది చాలామంది ఇంజనీర్లే తప్పు చేస్తారు కాబట్టి చెప్తున్నా. మైల్డ్ స్టీల్ షాఫ్ట్ లోడ్‌కి ఊగుతోందని, అంటే స్ప్రింగ్ లాగా వంగి మళ్ళీ లేస్తోందని, ఈఎన్24 కి మార్చి హార్డ్ చేయించుకున్నారు ఒకరు. అంతే ఊగింది, ఒక్క మైక్రాన్ తగ్గలేదు. నాకు ఫోన్ చేసి హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా చెయ్యలేదంటారు! స్టీల్ ఏదైనా, మెత్తదైనా గట్టిదైనా, స్టిఫ్‌నెస్ 200 గిగాపాస్కల్స్ చుట్టూనే ఉంటుంది, అల్యూమినియం ఏదైనా 70 చుట్టూనే. గ్రేడ్ మారిస్తే విరిగే లోడ్ మారుతుంది గానీ ఊగడం తగ్గదు, దానికి డయా పెంచాలి. డయా రెట్టింపు చేస్తే పదహారో వంతుకి తగ్గుద్ది.

తుప్పుతోస్నేహం:

304 సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను.

మీ షీట్ డూప్లికేట్ అయ్యుండక్కర్లేదు. 304 ఆస్టెనైట్‌ అనే లోపలి అమరికలో ఉన్నప్పుడు అయస్కాంతానికి అంటదు, కానీ చల్లగా వంచినప్పుడు వంగిన చోట కొంత మార్టెన్‌సైట్‌ అనే ఇంకో అమరికగా మారుతుంది, అది అంటుతుంది. అందుకే ఫ్లాట్‌లో లేదు, మూలలో ఉంది. 304 స్ప్రింగ్ వైర్ అయితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. షీట్ మొత్తం టప్పున అతుక్కుని ఊడి రాకపోతే అప్పుడు 430 ఏమో అని అనుమానపడాలి.

తమాషా ఏంటంటే మీ ఇన్‌స్పెక్టర్ గారి అయస్కాంతం అసలైన దొంగని పట్టుకోలేదు. 304 పేరుతో ఎక్కువగా అంటగట్టేది 202, దాంట్లో నికెల్ తగ్గించి ఆ లోటు మాంగనీస్‌తో పూడుస్తారు, అది కూడా అయస్కాంతానికి అంటదు. ఆయన చేతిలో అది పాసైపోతుంది, మంచి 304 ఫెయిలవుతుంది.

తుపాకీలా ఉండే ఎక్స్ఆర్ఎఫ్ మెషిన్ (ఎక్స్‌రేతో లోపల ఏమేం కలిపారో చెప్పేది) పెట్టి చూపించండి, మాంగనీస్, నికెల్ తెలిసిపోతాయి, 316 అయితే 2 నుంచి 3% మాలిబ్డినం కనపడుతుంది. కానీ దానికో గుడ్డితనం ఉంది, కార్బన్ కనపడదు. కాబట్టి 304 కీ 304ఎల్ కీ తేడా అది చెప్పలేదు, ఆ తేడా అంతా కార్బన్‌లోనే ఉంది కదా (ఎల్ అంటే కార్బన్ 0.03% మించకూడదు). వెల్డింగ్ ఉన్న పార్ట్‌కి ఎల్ ఎందుకడుగుతారంటే, 450 నుంచి 850 డిగ్రీల మధ్య కార్బన్ వెళ్ళి క్రోమియంని పట్టుకుని గ్రెయిన్ల (లోహం లోపలి స్ఫటికాల) అంచుల్లో కూర్చుంటుంది, ఆ అంచుల్లో క్రోమియం కరువై స్టెయిన్‌లెస్ కాస్తా స్టెయిన్ పడుతుంది, వెల్డ్‌కి పక్కనే గీత గీసినట్టు తినేస్తుంది. క్రోమియం కనీసం 10.5% ఉంటేనే తుప్పుని ఆపే పైపొర నిలబడేది.

అదే కారణంగా మైల్డ్ స్టీల్ రాడ్, ఈఎన్8 రాడ్ పక్కపక్కన పెట్టి ఎక్స్ఆర్ఎఫ్ తో ఏది ఏదంటే అది తెల్లమొహం వేస్తుంది. కార్బన్ కూడా చూపించే స్పార్క్ స్పెక్ట్రో మెషిన్ కావాలి. లేదంటే పాత పద్ధతి, గ్రైండర్.

బోరింగ్‌బార్:

గ్రైండర్ గురించి ఎత్తారు కాబట్టి. లైట్ ఆపేసి, తెలిసిన మైల్డ్ స్టీల్ ముక్క ఒకటి, అనుమానం ఉన్న ముక్క ఒకటి పక్కపక్కన ఆనించి చూడు. మైల్డ్ స్టీల్ రవ్వలు పొడుగ్గా గడ్డి రంగులో గీతల్లా పోతాయి, చివర్లో ఎక్కడో ఒకటీ అరా చీలుతుంది. కార్బన్ పెరిగే కొద్దీ గీత పొట్టిదై చిచ్చుబుడ్డిలా పువ్వులు విచ్చుకుంటాయి. పోత ఇనుము ఎర్రగా, పొట్టిగా, చక్రం దగ్గరే అయిపోతుంది. హైస్పీడ్ స్టీల్ అయితే ముదురు ఎరుపు, దాదాపు పువ్వే రాదు. దీంతో గ్రేడ్ నంబర్ చెప్పలేం గానీ రెండు రాడ్లు కలిసిపోయినప్పుడు విడదీయచ్చు, ఈఎన్8 అని మైల్డ్ స్టీల్ ఇచ్చాడా అన్నది పది సెకన్లలో తేలుద్ది. అల్యూమినియం మాత్రం ఆనించకు, రవ్వ రాదు, చక్రం పూడుకుపోద్ది.

రాడ్ చివర గ్రేడ్ గుర్తుకి పూసే రంగు చూసి నమ్మకు. ఎవరి రంగు వాళ్ళది. కోసేటప్పుడు గ్రేడ్ పంచ్ కొట్టిన చివర, రంగున్న చివర ఆఖరికి మిగలాలి, అవతలి వైపు నుంచి కొయ్యమని స్టోర్స్‌లో చెప్పు. మొదట్లోనే ఆ ముక్క కోసేస్తే మిగిలిన ఐదు మీటర్లూ అనాథ.

పోతపని:

అందరూ స్టీల్, అల్యూమినియం అంటున్నారు, మా పోత ఇనుమునీ రాగి కుటుంబాన్నీ ఎవరూ పట్టించుకోరు. రెండు ముక్కలు చెప్పి పోతా.

పోత ఇనుము పేర్లు చాలా నిజాయితీగా ఉంటాయి. ఎఫ్‌జి 260 అంటే గ్రే ఐరన్, టెన్సైల్ 260. ఎస్‌జి 500/7 అంటే టెన్సైల్ 500, విరిగే లోపు 7% సాగుతుంది. ఆ 7 చాలా విలువైంది, గ్రే ఐరన్‌కి అలాంటి అంకే ఉండదు, ఎందుకంటే అది సాగదు, విరుగుతుంది. లోపల గ్రాఫైట్ రేకుల్లా ఉంటే గ్రే, కరిగిన ఇనుములో కాస్త మెగ్నీషియం వేస్తే అదే గ్రాఫైట్ గుండ్రటి గింజలౌతుంది, అదే ఎస్‌జి. రేకు మొన దగ్గర పగులు మొదలౌతుంది, గింజకి మొన ఉండదుగా. 1940ల్లో గానీ ఈ కిటుకు తెలీలేదు. అలాగని గ్రే ని తక్కువ చెయ్యకండి, లేత్ బెడ్ దాంతోనే ఎందుకు పోస్తారంటే ఆ రేకులే కంపనాన్ని మింగేస్తాయి. స్టీల్ బీమ్‌ని సుత్తితో కొడితే గంటలా మోగుతుంది, గ్రే ఐరన్ ముక్కని కొడితే ఠప్ మని ఆగిపోతుంది.

రాగి వైపు వస్తే మాత్రం పేర్లన్నీ అబద్ధాలే. రాగిలో జింక్ కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు, ఇంతవరకు బానే ఉంది. తర్వాత గన్ మెటల్ అంటారు, రాగి 88, తగరం 10, జింక్ 2, ఇప్పుడు తుపాకులెవరూ దాంతో చెయ్యరు, వాల్వులూ బుష్షులూ చేస్తారు. అల్యూమినియం బ్రాంజ్‌లో తగరం ఉండదు. జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింక్. మాంగనీస్ బ్రాంజ్ అంటే అసలు బ్రాంజే కాదు, ఎక్కువ జింక్ ఉన్న ఇత్తడి, ఉప్పునీళ్ళలో దాంట్లోంచి జింక్ కరిగిపోయి రాగి స్పాంజిలా మిగుల్తుంది, బ్రాంజ్ అని పేరు చూసి సముద్రంలో వేసినోళ్ళకి తెలుసు ఆ బాధ. అందుకే రాగి అల్లాయ్ దేన్నైనా పేరుతో అడగొద్దు, యూఎన్ఎస్ (అమెరికా వాళ్ళ లోహాల నంబర్ల పద్ధతి) నంబర్‌తో అడగండి, సి పక్కన ఐదంకెలు. సి36000 అంటే ప్రపంచంలో ఎక్కడైనా సీసం కలిపిన ఫ్రీ కటింగ్ ఇత్తడే.

తుప్పుతోస్నేహం:

@పోతపని అదే కోవలో "ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్ అల్యూమినియం", "సర్జికల్ స్టీల్" కూడా వేసుకోండి 😂 ఏ స్టాండర్డ్‌లోనూ అలా ఒక గ్రేడ్ లేదు, అవి పెట్టె మీద రాయడానికి.

కొత్తడిజైనర్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు, రెండుసార్లు చదివా.

ఈ పొద్దున స్టోర్స్‌కి వెళ్ళి బ్రాకెట్ తాలూకు సర్టిఫికెట్ మళ్ళీ తీశా. కాంపోజిషన్ టేబుల్ కింద టెంపర్ అని ఒక గడి ఉంది, దాంట్లో గుండ్రంగా ఒకే ఒక్క అక్షరం. నేను మొదటిసారి చూసినప్పుడు అది సున్నా అనుకున్నా, ఏదో రివిజన్ నంబర్ అనుకుని వదిలేశా. అది ఓ. మిగిలిన ప్లేట్ ముక్క మీద ఇంక్‌తో 6061 పక్కన గీత పెట్టి అదే ఓ ముద్రించి ఉంది, ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉంది.

డ్రాయింగ్ రివిజన్ చేశా, "అల్యూమినియం 6061-టి6, టెంపర్‌తో సహా సర్టిఫికెట్ కావాలి" అని. షాఫ్ట్‌కి ఇండక్షన్ హార్డెనింగ్ ఉంది కాబట్టి సి45 ఒక్కటే ఉంచి ఈఎన్8 తీసేశా, సీనియర్ చూసి "ఓహో" అన్నారు, అంతే. 304 లాట్ కూడా ఎక్స్ఆర్ఎఫ్ లో మంచిదేనని తేలింది.

ఒక్క డౌట్ మిగిలింది. ఆల్రెడీ తయారైన బ్రాకెట్లు ఇంకా 38 ఉన్నాయి. వాటిని ఇప్పుడు టి6 చేయించొచ్చా, పారేయాల్సిందేనా?

ఫర్నేస్‌పక్కన:

చేయించొచ్చు, కానీ 38 ఒకేసారి పంపకండి. 530 నుంచి నీళ్ళలోకి ముంచేటప్పుడు సన్నటి పార్ట్ మెలి తిరుగుతుంది, మెషిన్ చేసేసిన హోల్స్ పిచ్ కదులుతుంది, ఫ్లాట్‌నెస్ పోతుంది. ముందు రెండు పంపించండి. పంపే ముందు హోల్ నుంచి హోల్‌కి కొలిచి రాసిపెట్టుకోండి, వచ్చాక మళ్ళీ కొలవండి. హార్డ్‌నెస్ కూడా చూడండి, ఓ లో బ్రినెల్ (హార్డ్‌నెస్ కొలత) 30 దగ్గర ఉంటుంది, టి6 సరిగ్గా వస్తే 95 దగ్గరికి రావాలి. 60, 70 దగ్గర ఆగిందంటే నీళ్ళలో ముంచడం ఆలస్యం చేసి ఉండొచ్చు, ఫర్నేస్ తలుపు తీశాక సెకన్లలో మునగాలి. థ్రెడ్లు మాత్రం ట్రీట్‌మెంట్ అయ్యాక ఇంకోసారి ట్యాప్ వేసి చూస్కోండి.

కొత్తడిజైనర్:

రెండు పక్కన పెట్టా సార్, వంగినవి కాదు, మంచివే. కొలతలు రాసుకున్నా. వచ్చాక ఇక్కడే పెడతా.